ఖరీదైన కార్డుల సేకరణకు ఇంట్లో ఒప్పుదల సంపాదించడం ఎలా

గోదావరి జిల్లాల్లో ఎవరైనా తనకు కార్డుల మీద మోజు ఉందని చెబితే, విన్నవారికి ముందుగా గుర్తొచ్చేవి పేకముక్కలే. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరుల పక్కన వెలిసే పేకాట శిబిరాలనూ, గుండాట బల్లలనూ చూస్తూ పెరిగిన వాళ్లం మనం. పేకాటలో పొలం పోగొట్టుకున్న మనిషి కథ వినకుండా పెళ్లీడుకు వచ్చిన ఆడపిల్ల ఈ ప్రాంతంలో బహుశా ఉండదు. అందువల్ల వేలకు వేలు పోసి కార్డు కొన్నానని మీరు చెప్పినప్పుడు మీ ఇంటావిడ ముఖంలో రంగు మారితే, ఆవిడకు మీ అభిరుచి అర్థం కాలేదని అనుకోకండి. తన ఇంటిని కాపాడుకోవాలన్న మెలకువ ఆవిడకు ఉందని అర్థం చేసుకోండి. ఆ మెలకువను గౌరవిస్తూ ఒప్పుదల ఎలా సంపాదించాలన్నదే ఈ వ్యాసం.

నేను పాలకొల్లు దగ్గరి వాణ్ణి. 2019 నుంచి పాత పోకెమాన్ కార్డులు, అంటే జపాన్‌లో పుట్టిన ఒక ఆట తాలూకు బొమ్మల కార్డులు, సేకరిస్తున్నాను. మొదటి రెండేళ్లు ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. పార్సిళ్లు నేను పనిచేసే చోటికే తెప్పించుకునేవాణ్ణి. 2021 ఆరంభంలో 18,500 రూపాయలకు కొన్న ఒక కార్డు తాలూకు బ్యాంకు సందేశాన్ని మా ఆవిడ చూసింది. ఆవిడది వ్యవసాయ కుటుంబం. ఆ ఏడు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1868 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1401 రూపాయలు. ఆవిడ నిమిషంలో లెక్క కట్టి, "పదమూడు బస్తాలండీ ఇది" అంది. కాసేపాగి, "అడిగితే కాదంటానని మీరే తేల్చేసుకున్నారా?" అంది. నన్ను ఇన్నేళ్లుగా వెంటాడుతున్నది ఆ రెండో మాటే. ధర మీద వచ్చిన కోపం వారంలో చల్లారింది గానీ, దాచిన సంగతి ఆవిడ మనసులో మానడానికి ఏడాది పైగా పట్టింది. నేను భర్తగా రాస్తున్నాను కాబట్టి ఇక్కడ ఇంటావిడ అన్న మాట వస్తుంది. సేకరించేది భార్య అయితే మాటలను అటూ ఇటూ మార్చి చదువుకోవచ్చు.

ముందు మీ లెక్క మీరు రాసుకోండి

ఇంట్లో నోరు విప్పే ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని, మీ దగ్గరున్న ప్రతి ఖరీదైన కార్డునూ అందులో ఎక్కించండి. ఏ తేదీన కొన్నారో, ఎంత పెట్టారో రాయండి. పెట్టినది అంటే కార్డు ధర ఒక్కటే అనుకోకూడదు. విదేశం నుంచి వచ్చినదైతే కొరియరు ఖర్చు, కస్టమ్స్ సుంకం, విదేశీ చెల్లింపు మీద బ్యాంకు పట్టుకున్న రుసుము అన్నీ కలపాలి. గ్రేడింగుకు, అంటే కార్డు స్థితిని తూచి అంకె వేసే సంస్థకు, పంపి ఉంటే ఆ రుసుమూ, రానుపోను రవాణా ఖర్చూ కూడా చేర్చాలి. నేను మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు, నా మనసులో ఉన్న మొత్తానికీ కాగితం మీద తేలిన మొత్తానికీ దాదాపు మూడో వంతు తేడా కనిపించింది. మీకు కూడా తేడా తప్పకుండా కనిపిస్తుంది, ఎందుకంటే ఇష్టంతో చేసిన ఖర్చును మనసు ఎప్పుడూ తగ్గించే గుర్తుపెట్టుకుంటుంది.

తరువాతి వరుసలో ఈ రోజు ఆ కార్డు అమ్మితే చేతికి ఎంత వస్తుందో రాయండి. ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న ధరను చూసి అదే విలువ అనుకుంటారు. ఈబే వంటి ఆన్‌లైన్ అమ్మకపు సైట్లలో నిజంగా అమ్ముడైన కార్డుల ధరలను విడిగా చూడవచ్చు. అదే స్థితిలో ఉన్న అదే కార్డు ఇటీవల నాలుగైదు సార్లు ఎంతకు అమ్ముడైందో చూసి, అందులోంచి అమ్మకపు కమీషన్, రవాణా తీసివేసిన తరువాత మిగిలేదే మీ కార్డు విలువ. భీమవరం వైపు చెరువులు చేసేవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. వంద కౌంటు (కిలోకు వంద తూగే) రొయ్యకు పేపర్లో పడిన ధర వేరు, పట్టుబడి రోజున గట్టు మీద కొనుగోలుదారు కట్టే ధర వేరు.

లెక్కలో అప్పు ఏదైనా తేలితే, అంటే క్రెడిట్ కార్డు బాకీ గానీ, స్నేహితుడి దగ్గర తీసుకున్న చేబదులు గానీ ఉంటే, ఒప్పుదల అడిగే సమయం ఇంకా రాలేదు. కొనడం ఆ రోజే ఆపేయండి. అప్పు సంగతి ఇంట్లో చెప్పండి. తీరేవరకు కొత్త కార్డు మాట ఎత్తకండి. అప్పు మీద నిలబడిన సరదాను అంగీకరించమని అడిగే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను.

చెప్పకూడని మాటలు

లెక్క సిద్ధమయ్యాక, ఏమి చెప్పాలన్నదాని కంటే ఏమి చెప్పకూడదన్నది ముందు నిర్ణయించుకోవాలి.

ఇది పెట్టుబడి అని చెప్పకండి. 1952 నాటి టాప్స్ కంపెనీ బేస్‌బాల్ కార్డు ఒకటి, మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి బొమ్మ ఉన్నది, 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైన మాట నిజమే. కానీ ఆ వార్తను ఇంట్లో చూపించడం వల్ల మీకు నష్టమే తప్ప లాభం లేదు. అదే బేస్‌బాల్ కార్డులను 1980ల చివర, 1990ల మొదట్లో అమెరికాలో లక్షలాది మంది తమ పిల్లల చదువులకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు దాచారు. గిరాకీ చూసి కంపెనీలు అంతకంతకూ ముద్రించాయి. అందరూ దాచినది ఎవరికీ అరుదు కాదు కనుక, ఆ కాలపు కార్డుల్లో అత్యధిక భాగానికి ఈనాడు కొనేవాడు లేడు. కరోనా రోజుల్లో 2020, 2021లో పోకెమాన్ కార్డుల ధరలు ఎగబాకి, తరువాత చాలావాటికి దిగివచ్చాయి. నా 18,500 రూపాయల కార్డు ఆ వేడిలో కొన్నదే. పెట్టుబడి అని మీరు ఒకసారి నోరు జారితే, ధర పడిన ప్రతిసారీ మీరు మాట తప్పినవారవుతారు. ఇష్టం కోసం కొంటున్నానని, ఇందులో పెట్టిన డబ్బు తిరిగి రాకపోవచ్చని నిజమే చెప్పండి.

బంగారంతో పోల్చకండి. బంగారాన్ని అవసరమైన పూటే బ్యాంకుకు తీసుకెళ్లి తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకోవచ్చు, పిల్ల పెళ్లికి మెడలో వేయవచ్చు. మన కార్డుకు ఊళ్లో కొనేవాడు ఉండడు. అమ్మడానికి వారాలు పడుతుంది. చీరలతోనూ పోల్చకండి, ఎందుకంటే ఆ మాట అన్న క్షణం నుంచి చర్చ కార్డుల గురించి కాకుండా ఆవిడ గురించి అయిపోతుంది.

ఇంకొక మాట. వరద నీరు వచ్చే రోజుల్లో పులసకు వేలు పోసే ప్రాంతం కాబట్టి, "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెతను అడ్డం పెట్టుకోవాలని కొందరికి అనిపిస్తుంది. నేను ఆ పని చేశాను. ఆ సామెతలో అమ్ముడుపోయే పుస్తెలు ఎవరివో ఒక్కసారి ఆలోచించండి. పైగా పులసను ఇంటిల్లిపాదీ కూర్చుని తింటారు. మన కార్డును మనం ఒక్కరమే చూసుకుంటాం.

సమయం చూసి, మొత్తం చెప్పండి

సంక్రాంతి ఖర్చుల ముందు, జూన్‌లో బడి ఫీజులు కట్టే వారంలో, చెరువులో తెల్లమచ్చ తెగులు పడిన రోజుల్లో ఈ మాట ఎత్తవద్దు. అత్తయ్యగారో మామయ్యగారో ఇంట్లో ఉండగా అసలే వద్దు. పెద్దల ఎదుట ఆవిడకు తన మనసులో మాట చెప్పే వీలుండదు. పిల్లలు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు నోటుపుస్తకం ఆవిడ చేతికి ఇవ్వండి. మొత్తం ఎంతో మొదటి వాక్యంలోనే చెప్పేయండి. దాచి ఉంటే దాచానని, అది తప్పని ఒప్పుకోండి. ఎందుకు దాచవలసి వచ్చిందో వివరించబోకండి, ఎందుకంటే ఆ వివరణలో ఎక్కడో ఒకచోట తప్పు ఆవిడ మీదకు జారుతుంది.

ఆ తరువాత ఊరుకోండి. ఆవిడ అభ్యంతరం ఏమిటో ఆవిడ నోటి నుంచే రానివ్వండి. డబ్బు అని మీరు అనుకుంటారు గానీ, అది వేరేది కావచ్చు. రాత్రి పదింటి దాకా ఫోనులో వేలంపాటలు చూస్తూ కూర్చోవడం కావచ్చు. "మీ ఆయన పిల్లల బొమ్మలు కొంటాడటగా" అని తోడికోడలు నవ్వుతుందన్న బాధ కావచ్చు. మా ఇంట్లో అసలు అభ్యంతరం ఇది: తాను చీటీ కట్టడానికి కూరగాయల దగ్గర కూడా పది రూపాయలు బేరమాడుతుంటే, ఆ ఇంట్లోనే ఇంకొక చేతి నుంచి వేలు వెళ్లిపోతున్నాయని. దానికి జవాబు మాటల్లో ఉండదు, ఏర్పాటులో ఉంటుంది.

ఇద్దరికీ ఒకే పద్దు

ఇంటి ఖర్చు, ఫీజులు, బాకీలు, చీటీ అన్నీ పోగా మిగిలే దానిలోంచి ఇద్దరికీ సమానంగా ఒక మొత్తం విడదీయండి. మా ఇంట్లో అది నెలకు చెరి 2,500 రూపాయలు. నా వాటా విడిగా ఒక ఖాతాలో పడుతుంది. కార్డులు ఆ ఖాతా నుంచే కొనాలి, అందులో లేకపోతే కొనకూడదు. ఆవిడ వాటాతో ఏమి చేస్తుందో నేను అడగను. ఆవిడ ఉద్యోగం చేయకపోయినా ఈ సమానత తప్పనిసరి. ఒకరికి సరదా డబ్బు ఉండి మరొకరికి లేకపోతే, ఆ ఇంట్లో దొరికేది ఒప్పుదల కాదు, ఓర్చుకోవడమే.

జీతం లేని ఇళ్లలో నెలవారీ పద్దు కుదరదు. వరి చేసేవారు సార్వా ధాన్యం డబ్బు ఒకసారి, దాళ్వా డబ్బు ఒకసారి చేతికి వచ్చినప్పుడు వాటా తీసుకోవచ్చు. రొయ్యల చెరువులు చేసేవారైతే మేత బాకీ, లీజు పూర్తిగా తీరాకే వాటా గురించి ఆలోచించాలి. పంట పోయిన విడత వాటా సున్నా అని ముందే రాసుకోవాలి. ఆ సున్నాను మీరు పాటించిన రోజున మీ మాటకు వచ్చే విలువ, పాటించడం ఎంత కష్టమో అంత ఉంటుంది.

దీనికి తోడు మేము పెట్టుకున్న నియమాలు మరి రెండు ఉన్నాయి. 5,000 రూపాయలు దాటిన ఏ కార్డునైనా కొనే ముందు ఆవిడకు చెప్పాలి, ఆవిడ వద్దంటే కారణం అడగకుండా మానుకోవాలి. రెండోది, మూసి ఉన్న ప్యాకెట్లు కొనకూడదు. ఈ రెండో నియమాన్ని నేను కోరి పెట్టుకున్నాను. లోపల ఏ కార్డు ఉందో తెలియకుండా డబ్బు పెట్టి, అరుదైనది తగులుతుందేమోనని చింపి చూడటంలో జూదం పాలు ఉంది. పేకాటతో దీనికి సంబంధం లేదని ఇంట్లో నమ్మకంగా చెప్పాలంటే, ఆ పాలు నిజంగానే తీసివేయాలి. కావలసిన కార్డును విడిగా, ధర తెలిసి, స్థితి చూసి కొనండి. మొత్తం ఖర్చు కూడా చాలా సందర్భాల్లో దాని వల్లే తగ్గుతుంది.

ఒక కార్డు అమ్మి చూపించండి

నా వరకు ఎక్కువ మేలు చేసిన అడుగు ఇదే. గొడవకు కారణమైన ఆ కార్డునే నేను మరుసటి ఏడాది 11,000 రూపాయలకు అమ్మాను. 7,500 రూపాయలు పోయాయని ఆవిడ ముందే లెక్కలో రాసి, వచ్చిన డబ్బును పాప ఫీజుకు ఆవిడ చేతిలో పెట్టాను. నష్టానికి అమ్మినందుకు ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఇల్లు ముందు, కార్డు తరువాత అని నేను అంతకు ముందు యాభైసార్లు చెప్పి ఉంటాను. అమ్మి చూపించాక మళ్లీ చెప్పవలసిన పని పడలేదు. మీరు అమ్మేది మీకు అంతగా ఇష్టం లేని కార్డు కాకూడదు. కాస్త మనసుకు కష్టం కలిగించేదాన్నే ఎంచుకోండి.

చూపించడం, అప్పగించడం

మొదటిసారి చూపించేటప్పుడు ఆల్బమ్ మొత్తం ముందేసుకుని ఉపన్యాసం ఇవ్వకండి. ఒక్క కార్డు చూపించి, అది మీకు ఎందుకు ఇష్టమో నాలుగు మాటల్లో చెప్పండి. ఈ కార్డులు 1996లో జపాన్‌లో మొదలయ్యాయని, ఒక్కొక్క బొమ్మ కింద దాన్ని గీసిన చిత్రకారుడి పేరు ఉంటుందని చెబితే చాలు. ఆసక్తి లేకపోతే అక్కడితో వదిలేయండి. ఆవిడకు నచ్చి తీరాలన్న నియమం లేదు.

అయితే ఆవిడకు మీకంటే మంచి చూపు ఉండవచ్చు. మా ఆవిడ పుట్టిల్లు నరసాపురం పక్కన. లేసు అల్లికలు చేసే ఇంట్లో పెరిగింది. కార్డు స్థితిని తూచే పీఎస్‌ఏ వంటి సంస్థలు బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు తెల్లబడ్డాయా, పైపొర మీద గీతలున్నాయా అని చూసి 1 నుంచి 10 వరకు అంకె ఇస్తాయి. 10కీ 9కీ మధ్య ధర ఎన్నో రెట్లు మారవచ్చు. ఒకసారి నేను కొనబోతున్న కార్డు ఫొటో చూసి, ఎడమ అంచు కుడి అంచు కంటే వెడల్పుగా ఉందని ఆవిడే చెప్పింది. నేను పది సార్లు చూసి గమనించలేదు. ఆ కార్డు కొనలేదు. అప్పటి నుంచి పెద్ద ధర ఉన్నవాటిని ఆవిడకు చూపించాకే నిర్ణయిస్తాను.

ఇంట్లో చోటు గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. ఒక బీరువా అర అనుకుంటే అది ఒక్క అరే. అది నిండితే ఏదో ఒకటి అమ్మాలి గానీ రెండో అర అడగకూడదు. మన డెల్టాలో జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో తేమ కార్డులకు పెద్ద శత్రువు. మెరుపు కార్డుల్లో రేకు పొర తేమ పీల్చదు, దానికి అంటుకున్న కాగితం పీల్చి సాగుతుంది, అందువల్ల కార్డు విల్లులా వంగిపోతుంది. పాలీప్రొపిలీన్ తొడుగు వేసి, పైన గట్టి ప్లాస్టిక్ టాప్‌లోడర్‌లో పెట్టి, మూత బిగుసుకునే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. పీవీసీ తొడుగులు కాలక్రమంలో కార్డుకు హాని చేస్తాయి. లంక గ్రామాల్లోనూ ఏటిగట్టు పక్కనా ఉండేవారు డబ్బాను నేల మీద ఎప్పుడూ పెట్టకూడదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవారికీ, 2022 జూలైలో గట్ల మీద రాత్రులు గడిపినవారికీ ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. వరద హెచ్చరిక వచ్చినప్పుడు ముందు మోయవలసినవి ఏమిటో కూడా ఇంట్లో అనుకుని ఉంచండి. ఆ వరుసలో కార్డుల డబ్బా మందులు, పత్రాలు, బియ్యం తరువాతే వస్తుంది.

మీ తరువాత ఆవిడకు తెలియవలసినది

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. మీకేమైనా అయితే, లక్ష రూపాయల కార్డుల డబ్బాను ఎవరో బంధువు పిల్లలకు ఆడుకోవడానికి పంచిపెట్టేస్తాడు. లేదా తెలిసిన కొనుగోలుదారుడు పరామర్శకు వచ్చి ఐదు వేలు చేతిలో పెట్టి పట్టుకుపోతాడు. ఆ భయం ఆవిడకు ఉంటుంది, కానీ అలాంటి అశుభం నోటితో అనదు. మీరే ముందు అనండి.

ఒక కాగితం తయారుచేయండి. ఖరీదైన పది పదిహేను కార్డుల ఫొటోలు, వాటి స్థితి, అంకె, గ్రేడింగు ధ్రువీకరణ సంఖ్య, ఏ ధరకు తక్కువ ఒప్పుకోకూడదో ఆ కనీస ధర అందులో తెలుగులో రాయండి. ఎక్కడ అమ్మాలో, నమ్మదగిన ఇద్దరు సేకర్తల పేర్లు, ఫోను నంబర్లు రాయండి. ఒక్కరి పేరే రాయకండి. ఇద్దరు విడివిడిగా చెప్పిన ధరలు పోల్చుకునే వీలుండాలి. తొందరపడి మొత్తం ఒకేసారి ఒకరికే ఇవ్వవద్దని, ఆరు నెలలు ఆగినా కార్డులు పాడవవని రాయండి. ఆ కాగితాన్ని పట్టాదారు పాసుపుస్తకం, బీమా బాండ్లు ఉన్న సంచిలోనే పెట్టండి. కార్డుల అరలో పెట్టకండి.

ధరలు మారుతాయి కాబట్టి ఏటా ఒకసారి దీన్ని తిరగరాయాలి. మేము సంక్రాంతి చుట్టాలు వెళ్లిపోయిన వారంలో ఒక సాయంత్రం ఈ పనికి కూర్చుంటాం. నేను అమ్ముడైన ధరలు చదువుతాను, ఆవిడ రాస్తుంది. కిందటిసారి నేను చెప్పిన కనీస ధర ఒకటి ఎక్కువగా ఉందని ఆవిడ ఒప్పుకోలేదు. ఇటీవలి అమ్మకాలు మళ్లీ తీసి చూస్తే ఆవిడ అన్నదే సరైనదని తేలింది. పాత అంకె కొట్టేసి కొత్తది వేసింది.